ఈకల ఈగలకు పేరు నిలిపిన మేరీ ఆర్విస్ మార్బరీ

చీరాల పట్టణమున దారపు ముడి విలువ ఎరుగని ఇల్లు అరుదు. ఒకవైపు పడుగు పేకలతో బ్రదుకు నడుపుకొను నేతగాండ్రు; మరియొకవైపు, కొద్ది దూరములోనే, వాడరేవు తీరమున వల అల్లి, గాలము కట్టి జీవించు మత్స్యకారులు. ఇరువురికిని దారమే ఆధారము. ముడి వదులైనచో అక్కడ గుడ్డ చెడును, ఇక్కడ చేప తప్పిపోవును. ఇట్టి ఊరిలో తెలుగు పాఠము చెప్పుకొనుచున్న నాకు, దారపు ముడినే నమ్ముకొని జీవించి, ఆ చేతిపనికి ఒక మహాగ్రంథమును సమకూర్చిన ఒక స్త్రీ చరిత్ర మిక్కిలి ఆత్మీయముగా తోచినది. ఆమె అమెరికా దేశస్థురాలు. పేరు మేరీ ఆర్విస్ మార్బరీ. గాలపు వేటయందు ఆసక్తి గల పాశ్చాత్యులు ఆమెను నేటికిని గౌరవముతో తలచుకొందురు. మన విద్యార్థులకును ఆమె కథ తెలియదగినది.

ముందుగా ఆమె చేపట్టిన పని ఎట్టిదో తెలిసికొనవలెను. మనము గాలమునకు వానపామునో, రొయ్యనో, పిండిముద్దనో, చిన్న కప్పనో గుచ్చి నీటిలో విడుతుము. ఐరోపా, అమెరికా ఖండములలో వేరొక పద్ధతి కూడ కలదు. కొక్కెము మీద పక్షి ఈకలను, జంతువుల వెండ్రుకలను, పట్టుదారమును చుట్టి కట్టి, దానిని ఒక ఈగవలెనో, పురుగువలెనో, చేపపిల్లవలెనో కనపడునట్లు చేయుదురు. ఈ ఎరకు బరువు లేదు. కనుక విసరెడి దారమే బరువుగా ఉండవలెను. పొడవైన, వంగెడి గుణము గల కర్రతో ఆ దారమును గాలిలో వెనుకకును ముందుకును ఆడించి, ఎరను నీటిపై మెల్లగా వ్రాల్తురు. ఆంగ్లేయులు దీనిని ఫ్లై, అనగా ఈగ, అని పిలుతురు. మనము దీనిని ఈకల ఈగ అని పిలుచుకొందము.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. క్రీస్తు శకము 200 ప్రాంతమున ఈలియన్ అను రోమక రచయిత, మాసిడోనియా దేశమున కొక్కెమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింది ఈకలు రెండు చేర్చి చేపలను మోసగించెడి పద్ధతిని వర్ణించి యున్నాడు. 1496లో ఇంగ్లండున అచ్చైన ఒక చిన్న గ్రంథమున పండ్రెండు ఈగల వివరములు కలవు. దానిని జూలియానా బెర్నర్స్ అను సన్న్యాసిని రచించెనని పరంపరగా చెప్పుదురు. 1653లో ఐజాక్ వాల్టన్ చేపవేటను గూర్చి రచించిన పుస్తకము లోకప్రసిద్ధము. 1676లో ఆయన మిత్రుడు చార్లెస్ కాటన్ దానికి ఈగల వేటను గూర్చి ఒక భాగమును చేర్చెను. ఇట్లు పదునాలుగు, పదునైదు శతాబ్దులుగా ఉన్న విద్య అమెరికాకు వలస పోయినది. అక్కడ దానికి ఒక క్రొత్త చిక్కు ఎదురైనది. ఆ చిక్కును విప్పినది మేరీ.

మేరీ 1856వ సంవత్సరమున జన్మించెను. ఆమె తండ్రి చార్లెస్ ఎఫ్. ఆర్విస్. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈశాన్యమున వెర్మాంట్ అను చిన్న కొండల రాష్ట్రము కలదు. అందు మాంచెస్టర్ అను గ్రామమున ఆయన గాలపు కర్రలు, చేపవేట సామగ్రి తయారుచేసి అమ్మెడి దుకాణమును తెరచెను. అదియును 1856లోనే. కూతురును దుకాణమును ఒకే యేడు ఆ యింట కన్ను తెరచినవన్న మాట. ఊరి ప్రక్కనే బాటెన్‌కిల్ అను చల్లని నిర్మలమైన ఏరు ప్రవహించును. అందు ట్రౌట్ అను చేప సమృద్ధిగా ఉండెడిది. వేసవిలో పెద్ద నగరముల ధనికులు చల్లదనమును కోరి ఆ గ్రామమునకు వచ్చుచుండిరి. వారిలో పెక్కురు గాలపు వేట యందు ఇష్టము గలవారు. చార్లెస్ ఆర్విస్ కర్రలకును, 1874లో ఆయన హక్కు పొందిన రంధ్రములు గల దారపు చక్రమునకును మంచి పేరు వచ్చినది. అయితే కర్రయు చక్రమును ఉన్నంత మాత్రమున చేప పడదు. కొనను ఈగ ఉండవలెను.

ఆ కాలమున మంచి ఈగలను కట్టగల పనివారు తక్కువ. న్యూయార్కు నగరమున జాన్ హెయిలీ అను నేర్పరి ఒకడుండెను. కూతురికి విద్య నేర్పుటకై తండ్రి ఆయనను కుదిర్చెను. 1870 తరువాతి దశకము ముగియకమునుపే మేరీ ఆ విద్యలో ఆరితేరి, తండ్రి వ్యాపారమున ఈగల విభాగమునకు తానే పెద్దయై, కొద్దిమంది స్త్రీలను చేర్చుకొని వారికి నేర్పి పని నడపసాగెను. చేపవేట ఆనాడు పురుషుల వినోదముగా ఎంచబడుచుండెను. ఆ వినోదమునకు ప్రాణమైన వస్తువు మాత్రము మాంచెస్టర్ గ్రామమున స్త్రీల వ్రేళ్ళ కొనలనుండి పుట్టుచుండెను.

ఆ పని ఎంత సున్నితమైనదో చూడుడు. ఆనాటి కొక్కెములకు నేటివలె దారము దూర్చుటకు కన్ను ఉండెడిది కాదు. పట్టుపురుగు దేహమునుండి సాగదీసిన సన్నని గట్టి తీగను ముందుగా కొక్కెపు కాడకు చేర్చి, మైనము పూసిన పట్టుదారముతో బిగించవలెను. తరువాత తోక. దానిపై రంగు పట్టుదారముతోనో, ఉన్నితోనో, నెమలి పింఛపు పోగుతోనో శరీరము చుట్టవలెను. దానిపై సన్నని వెండి బంగారు రేకును మెలికగా పోనీయవలెను. కోడి మెడ ఈకను చుట్టినచో దాని పోగులు కాళ్ళవలె విప్పారును. తుదకు బాతు రెక్కనుండి కాని, వేరొక పక్షి రెక్కనుండి కాని సమానమైన రెండు చీలికలు తీసి, రెక్కలుగా నిలిపి ముడి వేయవలెను. ఇంతయు చిటికెన వ్రేలి గోరంత స్థలములో జరుగవలెను. ఒక చుట్టు ఎక్కువైనచో తల లావగును. ఒక చుట్టు తక్కువైనచో మొదటి చేపకే ఊడిపోవును. పోగు లెక్క తప్పక చిత్రమును నిలిపెడి మన నేతపని ఎరిగినవారికి ఈ కష్టము వేరుగ చెప్పనక్కరలేదు.

1877లో మేరీ జాన్ మార్బరీ అను నాతనిని వివాహమాడెను. ఆ దాంపత్యము నిలువలేదు. ఒక కుమారుడు కలిగెను. ఆమె భర్త ఇంటిపేరును ఉంచుకొని, తండ్రి యింటి పనికి తిరిగి వచ్చెను. ఆ కాలపు సంఘమున భర్తను వీడి వచ్చిన స్త్రీకి తలయెత్తుకొని నిలుచుటకు చోటు తక్కువ. మేరీకి ఆ చోటు తన పనిబల్ల వద్ద లభించినది. మిగిలిన జీవితమంతయు ఆమెకు గౌరవమును తెచ్చినది ఆ బల్లయే.

ఇక చిక్కు సంగతి. ఇంగ్లండునుండి వచ్చిన ఈగలకు పాత పేర్లు ఉండెడివి. అమెరికాలో ప్రతి ఏటి యొడ్డున ఒక వేటగాడు తనకు తోచినట్లు ఈకలు మార్చి, రంగులు మార్చి, క్రొత్త పేరు పెట్టుకొనుచుండెను. ఒకే ఈగకు నాలుగు ఊళ్ళలో నాలుగు పేర్లు. ఒకే పేరుతో నాలుగు దుకాణములలో నాలుగు వేర్వేరు ఈగలు. వేయి మైళ్ళ దూరమునుండి ఒకడు జాబు వ్రాసి ఫలానా ఈగలు డజను పంపుడని కోరినచో, ఆయన మనసులో ఉన్నదేదో, ఇక్కడ కట్టవలసినదేదో తెలిసెడిది కాదు. ఆయన కోరిన దొకటి, చేరిన దొకటి. తప్పు ఎవ్వరిదియు కాదు. పేరునకు రూపము స్థిరపడకపోవుటయే తప్పు.

ఈ గందరగోళమున పుట్టినదే ఒక ప్రసిద్ధమైన ఈగ కథ. కోచ్‌మన్ అను పాత ఇంగ్లీషు ఈగ ఒకటి కలదు. రాజుల బండి తోలిన టామ్ బాస్వర్త్ అను నాతడు దానిని కల్పించెనని ప్రతీతి. కనుకనే బండితోలువాడని దాని పేరు. దాని శరీరము నెమలి పింఛపు పోగుతో చుట్టినది, రెక్కలు తెల్లనివి. నెమలి పోగు అందమైనదే కాని చేప పండ్లకు త్వరగా చినిగిపోవును. 1878లో ఒక గిరాకీదారు ఈ ఈగను మరింత గట్టిగా కట్టుమని కోరగా, జాన్ హెయిలీ నడుమున ఎర్ర పట్టుదారపు పట్టీ చుట్టి, తోకయు చేర్చి పంపెను. ఆ క్రొత్త ఈగ మాదిరి ఒకటి ఆర్విస్ వారింటికి చేరినది. కొలది రోజులకు ఒక సాయంకాలము ఆ యింట ఈగల పేర్లపై వాదము నడచినది. ఒకరు ఈ అర్థములేని పేర్లకంటె సంఖ్యలే మేలని పట్టుబట్టిరి. మరి ఈ క్రొత్తదానిని ఏమందురని ప్రశ్న రాగా, ఆ కుటుంబమునకు చెందిన ఎల్. సి. ఆర్విస్ అను నాయన, ఇంత చక్కగ అలంకరించుకొన్న బండితోలువాడు రాచవాడే కావలెనని తేల్చి, దానికి రాయల్ కోచ్‌మన్ అని పేరు పెట్టెను. ఆ పేరు నేటికిని చెక్కుచెదరలేదు. ఈ వృత్తాంతమును మనకు భద్రపరచినది మేరీ గ్రంథమే.

సంఖ్యయా, పేరా అను ఆ వాదము చిన్నదిగా కనబడును. తరగతిలో విద్యార్థిని హాజరు సంఖ్యతో పిలుచుటకును, పేరుతో పిలుచుటకును గల భేదమును ఎరిగిన ఉపాధ్యాయులకు అది చిన్నది కాదు. సంఖ్య వస్తువును వేరుపరచును. పేరు దాని పుట్టుకను కూడ మోసికొని వచ్చును. మేరీ పేర్లనే ఎన్నుకొనెను. అయితే పేర్లు నిలువవలెనన్నచో ప్రతి పేరునకును ఒక రూపము, ఒక కథ, ఒక సాక్షి ఉండవలెనని గ్రహించెను.

ఇంతలో అమెరికాలో చేపవేట స్వరూపమే మారుచుండెను. అంతవరకు గౌరవమంతయు చల్లని నీటి చేపయైన ట్రౌట్‌కును, సాల్మన్‌కును దక్కెడిది. నీరు వేడెక్కిన కొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. ట్రౌట్ దానిని ఓర్వలేదు. మన దేశమున అది నీలగిరులవంటి ఎత్తైన చల్లని కొండవాగులలో మాత్రమే బ్రదుకగలిగెను. 19వ శతాబ్దిలో ఫ్రాన్సిస్ డే చేసిన ప్రయత్నములు ఫలింపక, 20వ శతాబ్ది ఆరంభమున గాని అక్కడ నెలకొనలేదు. అమెరికా దక్షిణ, మధ్య భాగములలో వెచ్చని నదులు, చెరువులు, తూటికాడలు తేలెడి మడుగులు విస్తారము. అందుండెడి చేప బ్లాక్ బాస్. అది నాచులో దాగియుండి, కప్పనైనను, చేపపిల్లనైనను, ఎలుకనైనను ఒక్కసారిగా పైబడి మ్రింగును. 1881లో జేమ్స్ హెన్షల్ అను వైద్యుడు ఈ చేపను గూర్చి ఒక పెద్ద గ్రంథమును వ్రాసి, పోరాటపటిమలో ఇది ఏ చేపకును తీసిపోదని వాదించెను. నాటినుండి వెచ్చని నీటి వేటకు గౌరవము హెచ్చినది.

వెచ్చని నీటి చేపకు చల్లని నీటి ఈగ చాలదు. ట్రౌట్‌కు కట్టెడి ఈగ చిన్నది. ఏటిపై ఎగురు నిజమైన పురుగును పోలియుండవలెను. బాస్ కొరకు కట్టెడిది పెద్ద కొక్కెముపై, దట్టమైన ఈకలతో, ఎరుపు, తెలుపు, పసుపు, నలుపు రంగులతో మెరయవలెను. అది ఏ పురుగునకును ప్రతిబింబము కాదు. నీరు మురికిగా ఉన్నను చేప కంటబడి, దానికి ఆకలినో కోపమునో రేకెత్తించుటయే దాని పని. పాత ఇంగ్లీషు పుస్తకములలో ఇట్టి ఈగలకు ఆధారము లేదు. ఇవి అమెరికా వేటగాండ్ర స్వంత కల్పనలు. కనుకనే వీని పేర్లలో గందరగోళము మరింత హెచ్చు. వీనిని వ్రాసిపెట్టవలసిన అవసరమును హెచ్చు.

1883లో చార్లెస్ ఆర్విస్, నెల్సన్ చేనీ అను మిత్రునితో కలసి ఈగల వేటపై పలువురి వ్యాసములను సంపుటిగా ప్రకటించెను. మేరీ అంతకంటె విశాలమైన మార్గము త్రొక్కెను. దేశము నలుమూలల నున్న వేటగాండ్రకు జాబులు పోయినవి. వారి వారి నీళ్ళలో ఏ ఈగలు పనిచేయుచున్నవి, వేనిని వారు ప్రీతితో వాడుదురు అనునది ప్రశ్న. ముప్పది యెనిమిది రాష్ట్రములనుండి రెండు వందలకు పైగా ప్రత్యుత్తరములు వచ్చినవి. ఒకరికి ప్రాణసమమైన ఈగ మరియొకరికి పనికిరానిది. ఆమె వానిలో ఒకదానిని గెలిపించి మరియొకదానిని త్రోసివేయలేదు. రాష్ట్రముల వారీగా ఉత్తరములను అమర్చి, ఏ నీటి అనుభవమును ఆ నీటికే అప్పగించెను. పరిశోధన చేయువారు నేర్చుకొనదగిన వినయమిది.

ఆ కృషి ఫలము 1892లో బోస్టన్ నగరపు హౌటన్ మిఫ్లిన్ సంస్థ ప్రకటించిన గ్రంథము. ప్రియమైన ఈగలు, వాని చరిత్రలు అని దాని పేరునకు తాత్పర్యము. ఐదువందల పుటలకు మించిన పుస్తకము. రంగులలో ముద్రించిన ముప్పది రెండు చిత్రఫలకములపై 290 ఈగలు, ప్రతిదాని క్రిందను దాని పేరు. ఇకమీదట వేటగాడు పేరు వ్రాసినచో కట్టెడివారికి రూపము తెలియును. రూపము చూచినచో పేరు తెలియును. ఆ ఫలకములలో వెచ్చని నీటి బాస్ చేపకై కట్టిన ఈగలు యాభైకి పైగా ఉండుట విశేషము. పండితులు మెచ్చిన చల్లని ఏటి ఈగలతో సమానముగా చెరువు ఈగలకును ఆమె పీట వేసినది.

ఆ ఈగలలో కొన్నింటి కథలు వినదగినవి. పార్మచీనీ బెల్ అనునది హెన్రీ వెల్స్ అను నాతడు కల్పించినది. మెయిన్ రాష్ట్రపు పార్మచీనీ సరస్సు పేరు దానికి వచ్చినది. ఎరుపు తెలుపు చారల రెక్కలతో అది ట్రౌట్ పొట్టక్రింది రెక్కను పోలియుండును. ఆ రెక్క ముక్కనే ఎరగా గుచ్చు పాత అలవాటును అది ఈకలలోనికి మార్చినది. ట్రౌట్‌కని పుట్టినను బాస్ వేటగాండ్రకు కూడ అది ప్రియమైనది. ప్రొఫెసర్ అను ఈగకు ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ విల్సన్ పేరిట ఆ నామము కలిగినది. ఒకనాడు ఆయన వద్ద ఈగలు అయిపోగా, ఒడ్డున పూచిన పసుపుపచ్చని పూరేకులను కొక్కెమునకు చుట్టి చేపలను పట్టెనట. దాని పసుపుపచ్చ పట్టు శరీరము ఆ పూవు గుర్తే. లార్డ్ బాల్టిమోర్ అచ్చముగా బాస్ ఈగ. ఆల్‌ఫ్రెడ్ మేయర్ అను భౌతికశాస్త్ర ఆచార్యుడు దానిని కల్పించెను. నారింజ రంగు శరీరము, నల్లని రెక్కలు. అవి మేరీలాండ్ స్థాపకులైన బాల్టిమోర్ ప్రభువుల వంశపు రంగులు.

ఆ లార్డ్ బాల్టిమోర్ రెక్కలపై ఒక చిన్న ఈక ఉండును. నల్లని ఈకపై తెలుపు పసుపుల మెరుపుచుక్క, లక్క పూసినట్లు నిగనిగలాడును. నీటిలో చేపపిల్ల కన్నువలె కనబడును. ఆ ఈక ఎక్కడిదో తెలిసినచో మన పాఠకులు ఆశ్చర్యపడుదురు. అది మన దక్షిణాపథపు అడవులలో మాత్రమే సహజముగా నివసించు బూడిదవన్నె అడవికోడి మెడ ఈక. ఆ కోళ్ళ మెడతోళ్ళు ఓడలకెక్కి ఇంగ్లండు చేరి, అక్కడినుండి ఈగలు కట్టువారికి పోవుచుండెడివి. మన కొండలలో కూసిన పుంజు ఈకను వెర్మాంట్ పల్లెలో ఒక స్త్రీ కొక్కెమునకు ముడివేయగా, మరెక్కడనో ఒక చెరువులో బాస్ చేప దానికి మోసపోయెడిది. ఈ వ్యాపారమునకు మూల్యము పక్షులు చెల్లించినవి. 1902లో భారత ప్రభుత్వము అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆ పక్షిని వేటనుండి కాపాడుచున్నది. ఇప్పుడు పరదేశములలో ఈగలు కట్టువారు అక్కడనే పెంచిన కోళ్ళ ఈకలను వాడుదురు. అందమైన చేతిపని వెనుక ఎవరి ప్రాణమున్నదో విచారించుట కూడ విద్యలో భాగమే.

గ్రంథము వెలువడిన మరుసటి యేడు, 1893లో, షికాగో నగరమున కొలంబస్ పేరిట ప్రపంచ ప్రదర్శనము జరిగినది. మనకు వివేకానందస్వామి ప్రసంగించిన సర్వమత సభవలన తెలిసిన ఉత్సవమే అది. అందు ఆర్విస్ వారు ఈగలను, ఆయా ప్రాంతముల నీళ్ళ ఛాయాచిత్రములతో కలిపి, ఫలకములుగా అమర్చి ప్రదర్శించిరి. ఆ ఫలకములు నేడు మాంచెస్టర్ లోని ఈగల వేట ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నవి. పుస్తకమునకు 1896 నాటికి తొమ్మిది ముద్రణలు వచ్చినవి. మేరీ 1914లో మరణించెను. తండ్రి చార్లెస్ కూతురిని పోగొట్టుకొని, మరుసటి యేడు తానును కన్నుమూసెను.

ఆమె చరిత్రలో ఒక లోటు కూడ చెప్పుకొనక తప్పదు. ఈగలకు ప్రభువుల పేర్లు, ఆచార్యుల పేర్లు, సరస్సుల పేర్లు నిలిచినవి. వానిని దినమంతయు కూర్చుండి కట్టిన స్త్రీల పేర్లు లోకమునకు అంతగా తెలియవు. మేరీ పేరు నిలిచినదన్నచో అది ఆమె కట్టిన ఈగలవలన కాదు, వ్రాసిన గ్రంథమువలన. చేయి ఎంత నేర్పు గలదైనను, వ్రాతలోనికి రానిచో ఆ నేర్పు చేతితోనే పోవును.

వ్రాసిపెట్టినచో పేరు ఎట్లు నిలుచునో మన తీరమునను ఒక దృష్టాంతము కలదు. 18వ శతాబ్ది చివర పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నివసించెను. ఆయన అక్కడి చేపలు రెండు వందలను బొమ్మలతో వర్ణించి, 1803లో గ్రంథముగా ప్రకటించెను. ప్రతి చేపకును అక్కడి వాడుక పేరును అడిగి వ్రాసికొనెను. అందు కనగర్త ఒకటి. పిమ్మట ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఆ మాటనే దాని శాస్త్రనామములో చేర్చగా, నేడు ప్రపంచమంతటను ఆ చేప రాస్ట్రెల్లిజర్ కనగుర్త. వాడరేవు ఒడ్డున గంపలో కనబడు ఆ సామాన్యపు చేప తెలుగు మాటను భూగోళమంతయు మోసికొని తిరుగుచున్నది.

ఈకల ఈగయు మన దేశమునకు పూర్తిగా అపరిచితము కాదు. మద్రాసు రాజధానిలో ఉద్యోగము చేసిన హెచ్. ఎస్. థామస్ 1873లో మన దేశపు గాలపు వేటను గూర్చి ఒక గ్రంథమును, 1887లో చెరువుల వేటను గూర్చి మరియొక గ్రంథమును ప్రకటించెను. మహసీర్ మొదలగు మన ఏటి చేపలను ఈకల ఈగతో పట్టుటను కూడ ఆయన వివరించెను. మన చెరువులలోని కొరమీను బాస్ చేపకు స్వభావమున చుట్టమే. తూటికాడల నీడను పొంచియుండి, కప్ప గెంతిన సవ్వడికి పైకి దూకును. వేసవిలో 30 డిగ్రీలు దాటిన నీటిలోను అది బ్రదుకును. నీటిలో ప్రాణవాయువు తరిగినను పైకి వచ్చి గాలి పీల్చుకొనును. దానిని పట్టెడి మన పల్లెవారికి ఎర ఎన్నిక, ముడి రకము, ఏ వేళ ఏ గట్టు మంచిదను జ్ఞానము పుష్కలము. మన మేరీ మార్బరీ మాత్రము ఇంకను జాబులు వ్రాయలేదు.

ఆ జాబులు వ్రాయక జరుగు నష్టమెట్టిదో చీరాలకు బాగుగా తెలియవలెను. దారమును నూనెలోను బూడిదనీటిలోను నానబెట్టి, ముడులు కట్టి, ఎరుపు నలుపు రంగులద్ది నేసిన తేలియా రుమాలు ఈ ఊరి కీర్తి. ఓడలకెక్కి అరబ్బు దేశములకు పోయిన సరకది. 20వ శతాబ్ది మధ్యభాగము దాటిన పిమ్మట ఇక్కడ ఆ నేత క్రమముగా సన్నగిల్లినది. దానిని నిలిపి, నేటికిని నేయుచున్నది తెలంగాణములోని పుట్టపాక గ్రామము. 2020లో తేలియా రుమాలు భౌగోళిక సూచిక గుర్తింపును పొందినది. పుట్టపాకవారు నిలిపినందుకు మనము వారికి కృతజ్ఞులము. అయితే చీరాల వృద్ధ నేతగాండ్ర నోట ఉన్న ఆ పనిమాటలు, రుమాలుపై వేసిన రూపముల పేర్లు, నూనె బూడిదల పాళ్ళు ఎన్ని వారితోనే పోయినవో లెక్క లేదు.

ఉపాధ్యాయ సోదరులకు నా మనవి ఒక్కటే. మేరీ మార్బరీ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు కాదు. పల్లెటూరి దుకాణపు పనిబల్ల వద్ద కూర్చుండి, మీ నీళ్ళలో ఏది పనిచేయునని అడిగినది. వచ్చిన సమాధానములను పేరుపేరునా ముద్రించినది. ఆ పని మన తరగతి గదినుండియు చేయవచ్చును. ఈ వేసవి సెలవులలో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఇంటికి పోయి, తాతగారు కట్టిన ముడి పేరేమి, అవ్వ నేసిన అంచు పేరేమి, గంపలోని చేప పేరేమి అని అడిగి, ఒక్కొక్క పుట వ్రాసి, ప్రక్కన బొమ్మ గీసి తీసికొనిరానిండు. చెప్పినవారి పేరు పుట పైననే వ్రాయుట మరువరాదు. పుటలు చేరిన కొలది గ్రంథము దానంతట అదియే సిద్ధమగును. మార్బరీ గ్రంథము సిద్ధమైన విధమును అంతకంటె వేరు కాదు.